పుష్యమాసంలో పండుగప్ప వేట: ఇస్కపల్లి ఉప్పుటేటిలో నా అనుభవం

నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలోని ఇస్కపల్లి దగ్గర, ఒకవైపు ఉప్పుమళ్ళు, ఇంకొకవైపు రొయ్యల గుంటలు ఉండగా, వాటి నడుమ నుంచి ఉప్పుటేరు మెలికలు తిరుగుతూ వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. ఆ ఏటిలో పండుగప్ప చేప కోసం సాగే చలికాలపు గాలం వేటను నేను 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో, మా నాన్నగారి స్నేహితుడైన పట్టపు (మత్స్యకార) కులానికి చెందిన ఒక పెద్దాయన వెంట తిరిగి నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచి ఆయనను మామా అని పిలవడం అలవాటు కనుక ఇక్కడ కూడా మామ అనే రాస్తాను. వేసవిలో మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక మీద నిలబడి గాలం విసరడం నాకు అంతకుముందే తెలుసు. తెల్లవారకముందే వెళ్ళి, ఎండ ముదిరేలోగా తిరిగి రావడం ఆ కాలానికి సరైన పద్ధతి. చలికాలంలో లెక్క పూర్తిగా మారుతుంది. నీటి చలువ, ఎండ, పోటు వేళ, ఈ మూడూ ఒకచోట కలిసే కొద్ది గంటలను ముందే లెక్కగట్టి ఆ గంటల్లో మాత్రమే ఏటిలో ఉండటమే చలికాలపు వేటలోని అసలు పని అని ఇప్పుడు నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు ఏరు బాగుపడాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు రోజు అది మా తీరాన్ని ఆనుకునే ఉత్తరంగా కదిలింది కాబట్టి జిల్లా అంతటా విపరీతంగా వాన కురిసింది. పొలాల నీరు, వాగుల నీరు, మురుగు కాలువల నీరు అన్నీ ఏటిలోకి దిగి, నెలాఖరు దాకా అది మట్టి రంగులోనే పారింది. నేను తొందరపడి ఫోను చేసినప్పుడల్లా మామ ఒకటే మాట చెప్పేవాడు: "ఇంకా తియ్యనీళ్ళే ఉండాయి అబ్బయ్యా, ఉప్పెక్కనీ." పండుగప్ప మంచినీటిలోనూ ఉప్పునీటిలోనూ బతకగల చేప. అది సముద్రపు నీటిలో గుడ్లు పెడితే, పిల్లలు ఉప్పుటేళ్ళలోకి, కాలువల్లోకి ఎక్కి అక్కడ పెరుగుతాయి. కాబట్టి తియ్యనీరు దానికి ప్రమాదమేమీ కాదు. అయితే అది తినే రొయ్యపిల్లలు, కొయ్యింగ చేప పిల్లలు వరద తోపుకు మొగ వైపు జారిపోతాయి, వాటి వెనుకే అదీ జారిపోతుంది. ఏరు మళ్ళీ ఉప్పెక్కి, బురద కిందికి దిగి, మోకాటి లోతులో పాదం కనిపించే స్థితికి వచ్చాక ఆ చిన్న చేపలు తిరిగి లోపలికి వస్తాయి. జనవరి మొదటి వారంలో మామ దోసెడు నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, గట్టు వారన కొయ్యింగ పిల్లలు గుంపులుగా ఎగురుతున్న చోట్లు చూపించి, ఇక రావచ్చన్నాడు.

తరువాత పోటు లెక్క. ఈ భాగాన్ని నేను అన్నిటికంటే శ్రద్ధగా నేర్చుకున్నాను. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం) వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అందువల్ల పోటు వేళ రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమికీ అమావాస్యకీ నీరు ఎక్కువగా ఎక్కి ఎక్కువగా దిగుతుంది, అష్టమి ప్రాంతంలో ఎక్కీ ఎక్కనట్టుగా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చువేసే పోటు పట్టికలు, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సమాచారం చూసి నేను వేళలు రాసుకునేవాణ్ణి. మామ మాత్రం తిథిని బట్టి చెప్పేవాడు. రెండూ సరిపోల్చి చూస్తే, మొగ దగ్గరి వేళల్లో ఆయన లెక్కకూ పట్టికకూ చెప్పుకోదగిన తేడా రాలేదు. ఏటి లోపలికి వెళ్ళినకొద్దీ పోటు ఆలస్యంగా నిండుతుంది. ఆ ఆలస్యం ఏ మలుపు దగ్గర ఎంత ఉంటుందో పట్టికలో దొరకదు, అది ఆయన దగ్గరే దొరికింది.

అమావాస్య, పున్నమి రోజుల్లో మా వైపు పొద్దున సుమారు ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య పోటు నిండుతుంది. అంటే ఏటి పక్కనున్న బురద పర్ర (పోటుకు మునిగి పాటుకు తేలే నేల) మీదికి నీరు తెల్లవారుజాము నుంచే ఎక్కడం మొదలవుతుంది. ఆ పర్ర రాత్రంతా మంచుకు తడిసి చల్లబడి ఉంటుంది, దాని మీద పరుచుకున్న పలుచటి నీరు కూడా అంతే చల్లగా ఉంటుంది. నేను ఒక చిన్న ఉష్ణమాపకం వెంట తీసుకెళ్ళేవాణ్ణి. పుష్యమాసంలో తెల్లవారుతూనే పర్ర మీది నీరు 22 డిగ్రీలు చూపితే, అదే సమయంలో ఏటి నడిమి లోతులో 25 ఉండేది. పండుగప్ప వెచ్చని నీటి చేప. నీరు చల్లబడినకొద్దీ దాని కదలిక మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, అది లోతు వదిలి పైకి రాదు. అదే అమావాస్యకు మూడు నాలుగు రోజుల తరువాత చూస్తే, తెల్లవారుజామున పాటు వల్ల పర్ర తేలి ఉంటుంది, పొద్దెక్కాక నల్లటి బురద మీద ఎండ నేరుగా పడుతుంది, ఆ వేడెక్కిన బురద మీదికి తొమ్మిది దాటాక పోటు నీరు మెల్లగా ఎక్కుతుంది. పదకొండు గంటలకు అదే చోట నా ఉష్ణమాపకం 27 చూపించింది. కొయ్యింగ పిల్లలు, రొయ్యలు ఆ వెచ్చదనం కోసం, బురద మీది పాచి కోసం ముందుగా చేరతాయి. పెద్ద చేప వాటి వెంట వస్తుంది. మరో నాలుగు రోజులు ఆగితే పోటు మధ్యాహ్నానికి జరుగుతుంది కాని, అప్పటికి అష్టమి దగ్గరపడి పర్ర మునిగేంత నీరు ఎక్కదు. కనుక తదియ నుంచి షష్ఠి వరకు, పక్షానికి నాలుగు రోజులు మాత్రమే ఈ వేటకు అనువైనవి. ఆ రోజుల్లో ఈశాన్యపు గాలి గట్టిగా వీచినా, మబ్బు కమ్మినా అవి కూడా పోయినట్టే.

2024లో అమావాస్య జనవరి 11న వచ్చింది, సంక్రాంతి 15న. పండుగ మూడు రోజులూ సరిగ్గా ఆ మంచి తిథుల్లోనే పడటంతో నాకు సెలవులు కూడా కలిసివచ్చాయి.

సామాను గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఎనిమిది అడుగుల కర్ర, మధ్యరకం రీలు, పది కిలోల బరువు ఆపే అల్లిక దారం, దాని కొసన రెండు మూరల పొడవున అంతకు రెట్టింపు బలం గల మందపాటి పారదర్శక దారం ఉంటే చాలు. ఈ కొస దారం విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. పండుగప్పకు కోరపళ్ళు లేవు కాని, దాని మొప్ప మూత అంచు చాకులా కోస్తుంది. తల విదిలించిన ప్రతిసారీ దారం ఆ అంచుకు రాసుకుంటుంది, సన్నదారమైతే అక్కడికక్కడే తెగిపోతుంది. మామ రీలు వాడడు. పాత సీసా చుట్టూ చుట్టిన నైలాను దారం, ఒక సీసపు గుండు, ఒక గాలం, అంతే ఆయన సరంజామా. చేప ఎర దగ్గరికి వచ్చి తిరగడం కూడా చూపుడువేలి మీద ఉన్న దారంలో తెలుస్తుందని ఆయన చెప్పేవాడు. కర్రతో నాకు అంత సున్నితంగా ఎన్నడూ తెలియలేదు.

గాలాల విషయంలో నేను పట్టుబట్టి కొనసాగించినది ఒకటుంది. మామూలు గాలానికి బదులు, మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలాలు వాడాను. వీటిని వాడేటప్పుడు చేప పట్టగానే కర్రను ఎగలాగకూడదు. దారం బిగువెక్కేదాకా నిదానంగా చుడుతూ పోతే గాలం దానంతట అదే జారి నోటి మూలలో దిగుతుంది. గొంతులో దిగదు కాబట్టి చేపను వదలదలచుకుంటే అది ప్రాణంతో వెళ్ళిపోతుంది. ఎగలాగకుండా చేతిని ఆపుకోవడం మొదట్లో చాలా కష్టంగా అనిపించింది. మామ మొదట నమ్మలేదు, తరువాత నా దగ్గర నాలుగు గాలాలు అడిగి తీసుకున్నాడు.

ఎర కోసం మేము ఆ పక్కనే గుడిసెలు వేసుకున్న ఒక యానాది కుటుంబాన్ని ఆశ్రయించాం. ఏటి వార నడుము లోతు నీటిలో కూర్చుని, రెండు చేతులతో బురదను తడుముతూ ప్రాణమున్న రొయ్యలను ఏరి, నోటితో పట్టుకున్న తాటాకు బుట్టలో వేసుకునే ఆ పని చూడవలసినది. వాళ్ళ కళ్ళు నీటి మీద ఉండవు, పనంతా వేళ్ళ కొసలదే. ఆ ఇంటి ఇల్లాలిని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఆమె చేతికి చిక్కిన మండపీతల్లో గుడ్లున్నవాటిని వెంటనే మళ్ళీ నీటిలో వదిలేసేది, నేను అడగకుండానే కారణం కూడా చెప్పేది. రొయ్యల ధర ఆమె చెప్పిందే ఇచ్చాం. ఈ ఏటి గురించి ఆ కుటుంబానికి ఉన్న తెలివిడికి ఎవరూ సరైన విలువ ఇవ్వడం లేదన్నది నా అభిప్రాయం. ఏ గట్టు కింద ఏ నెలలో ఏమి ఉంటుందో మామ కూడా వాళ్ళనే అడిగేవాడు. రొయ్యను గాలానికి గుచ్చేటప్పుడు తలలో కనిపించే నల్లటి మచ్చను తప్పించి, దాని ముందు, కొమ్ము కింద మాత్రమే గాలం దూర్చాలి. అప్పుడు అది గంటకు పైగా ప్రాణంతో ఈదుతుంది. కొయ్యింగ పిల్లనైతే వీపు రెక్క వెనుక పైపైన గుచ్చాలి. దానికోసం మామ విసురు వల విసిరేవాడు.

పర్ర మీద నడవడం ఒక ప్రత్యేక విద్య. మడ చెట్ల శ్వాసవేర్లు సూదుల్లా పైకి పొడుచుకు వచ్చిన చోట నేల గట్టిగా ఉంటుంది, చదునుగా మెరుస్తున్న చోట తొడల దాకా దిగబడతాం. నీటిలో అడుగు ఎత్తి వేయకూడదు, పాదాన్ని నేలకు రాస్తూ జరపాలి. బురదలో కప్పుకుని పడుకున్న టేకు చేప ఆ కదలికకు ముందే తప్పుకుంటుంది, మీద కాలు పడితే మాత్రం తోకలోని ముల్లు దింపుతుంది. జెల్ల ముల్లు కూడా తక్కువది కాదు. ఈ రెండిటి విషం వేడికి విరిగిపోయే రకం కనుక, ముల్లు గుచ్చుకున్నవాళ్ళు ఆ కాలినో చేతినో ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, కాలకుండా చూసుకుంటూ, గంటా గంటన్నర ముంచి ఉంచితే నొప్పి చాలావరకు దిగుతుంది. ముల్లు లోతుగా దిగినా, కడుపులోనో రొమ్ములోనో గుచ్చుకున్నా దాన్ని పీకే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మేము ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకెళ్ళేవాళ్ళం. అదృష్టం కొద్దీ ఆ నీళ్ళు టీకే ఖర్చయ్యాయి.

భోగి నాడు మబ్బు వేయడంతో జెల్లలు తప్ప మరేమీ పడలేదు. సంక్రాంతి ఇంట్లో గడిచింది. కనుమ నాడు ఆకాశం తేటగా ఉండి, గాలి నెమ్మదించింది. ఆ రోజు మొగ దగ్గర పోటు పన్నెండు దాటాక నిండుతుంది. మేము తొమ్మిదిన్నరకు పర్ర అంచున, ఒక చిన్న పిల్లకాలువ ఏటిలో కలిసే చోట నిలబడ్డాం. ఆ కాలువ నోటి దగ్గర ఒక గుంట ఉంది. పర్ర మీదికి ఎక్కే చిన్న చేపలన్నీ ఆ దారినే పోవాలి కనుక పండుగప్ప ఆ గుంటలో, ప్రవాహానికి ఎదురు తిరిగి, కదలకుండా కాచుకుంటుంది. నేను గుంటలోకి విసరబోతే మామ ఆపాడు. "దాని నెత్తి మీద వేస్తే బెదిరిపోద్ది. పైన వెయ్యి, నీళ్ళే తీసుకుపోతాయి" అన్నాడు. గుంటకు ఎగువన నాలుగు బారల దూరంలో రొయ్యను వదిలి, దారాన్ని జారనిచ్చాను. ప్రవాహం దాన్ని గుంట అంచుకు చేర్చింది. వేసవిలో పండుగప్ప ఎరను పీల్చుకునేటప్పుడు నీటి మీద పెద్ద చప్పుడు వినిపిస్తుంది, కర్ర ఒక్కసారిగా వంగుతుంది. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. దారం జారుతూ జారుతూ ఆగింది, అంతే. ఏదో పుల్లకు తగులుకుందేమో అనుకునేంత మెత్తగా ఆగింది. మామ నా దారం వైపు చూసి "చుట్టు, నిదానంగా చుట్టు" అన్నాడు. చుడుతూ ఉండగా బిగువెక్కి, ఆ తరువాత గానీ అవతల బరువు కదలలేదు.

అది గాలిలోకి ఎగిరి తల విదిలించినప్పుడు కర్రను నీటికి దగ్గరగా దించాలి, దారం వదులు కానివ్వకూడదు. ఎగిరిన ప్రతిసారీ గాలం ఊడిపోయే అవకాశం ఉంటుంది. రెండుసార్లు ఎగిరి, ఒకసారి మడ వేర్ల వైపు ఉరికి, చివరకు ఒడ్డుకు వచ్చింది. తూచితే రెండు కిలోలకు కొంచెం పైన ఉంది. వెండి రంగు పొలుసులు, బంగారు రంగు కళ్ళు, తల వెనుక ఎత్తుగా లేచిన వీపు. చలికాలపు నీటిలో పెరిగిన చేప ఒళ్ళు గట్టిగా ఉంటుందని మామ అంటాడు. ఆ రోజు పులుసు తిన్నవాళ్ళు ఎవరూ ఆ మాట కాదనలేదు.

ఆ తరువాతి పక్షంలో, జనవరి 25 పున్నమి దాటాక, రబ్బరు చేపలతో ప్రయత్నించాను. ప్రాణమున్న ఎర దొరకని రోజు ఇవి పనికొస్తాయి కాని, చలికాలంలో వీటిని లాగే వేగం సగానికి తగ్గించాలి. రీలు రెండు చుట్లు చుట్టి, ఆపి, ఎరను అడుగుకు దిగనిచ్చి, నాలుగు అంకెలు లెక్కపెట్టి మళ్ళీ చుట్టాలి. చల్లటి నీటిలో మందగించిన చేప దూరం తరమదు, తన నోటి ముందుకు వచ్చి ఆగినదాన్నే తీసుకుంటుంది. పోటు నిండి పాటు మొదలైన మొదటి గంటలో, పర్ర మీద వెచ్చబడిన నీరు పిల్లకాలువల గుండా ఏటిలోకి దిగేటప్పుడు, ఆ నీటి అంచునే విసరాలి. తేట నీటికీ బురద నీటికీ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత మీద ఒక రోజు నాకు ఎనిమిది కిలోలకు తక్కువ ఉండని చేప తగిలింది. దాన్ని ఒడ్డుకు తేవడానికి పట్టిన సమయమంతా మామ నా పక్కనే నడుము లోతు నీటిలో నిలబడి ఉన్నాడు.

ఆ చేపను నేను వదిలేశాను. పండుగప్ప మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్ళు గడిచి బాగా పెద్దదయ్యాక ఆడచేపగా మారుతుంది. కాబట్టి అంత పెద్దవి దాదాపుగా అన్నీ లక్షల గుడ్లు పెట్టగల ఆడచేపలే. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ 1997లోనే ఈ చేపను హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలను తీసింది, చెరువుల్లో పెంపకం కూడా సాగుతోంది. అయినా ఏటిలో చేప ఏటిలోనే పుట్టిపెరగాలని నేను కోరుకుంటాను. మామకు ఇది సులభమైన విషయం కాదు. ఎనిమిది కిలోల చేప ఆయనకు కొన్ని రోజుల సంపాదన. చేప నాది కనుక నిర్ణయం నాదేనని ఆయన ఒప్పుకున్నాడు, ఆ రోజు నా వెంట వచ్చినందుకు ఆయనకు ఇవ్వవలసినది నేను ఇచ్చాను. వదిలేటప్పుడు తడిచేతులతో కడుపు కింద ఆనించి పట్టుకోవాలి, దవడ పట్టి వేలాడదీయకూడదు. తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి, తోక తనంతట తాను బలంగా ఆడించేదాకా ఆగాలి.

నేను ఎంత జాగ్రత్తగా వదిలినా, ఏటికి అడ్డంగా దోమతెర వలలు కట్టే పని ఆగకపోతే పెద్దగా ప్రయోజనం ఉండదు. పాటు దిగే వేళ పిల్లకాలువల నోళ్ళకు అడ్డంగా ఆ వలలు కట్టి, గోరంత రొయ్యపిల్లలను, పండుగప్ప పిల్లలను, కొయ్యింగ పిల్లలను కలిపి ఊడ్చేస్తున్నారు. అందులో అమ్ముడుపోయేది కొంచెం, మిగిలినది గట్టు మీద ఎండిపోతుంది. రొయ్యల గుంటల మురుగు నీరు నేరుగా ఏటిలోకి వదిలిన రోజుల్లో ఆ మలుపు దగ్గర కొయ్యింగ ఒక్కటి కూడా ఎగరదు. దీని గురించి పాళెం కాపుల (కులపెద్దల) ముందు మాట్లాడతానని మామ అన్నాడు. పట్టపు పాళేల్లో కులపెద్దలు వేసే దురాయికి (కట్టడికి) ఇప్పటికీ బలం ఉంది, ఫలానా వల వాడకూడదని వాళ్ళు కట్టడి చేస్తే అది పాళెం వరకైనా నిలుస్తుంది. బయటి నుంచి వచ్చి వల కట్టేవాళ్ళ సంగతి మత్స్యశాఖ చూడాలి.

మాఘం వచ్చేసరికి వేట తీరు మళ్ళీ మారింది. ఈ తీరంలో సముద్ర మట్టం ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా నవంబరులో, ఎక్కువగా ఉండి, మార్చి నాటికి బాగా దిగుతుంది. కార్తీకంలో మోకాలి దాకా మునిగే పర్ర, ఫిబ్రవరి 24 మాఘ పున్నమి పోటుకు చీలమండ లోతు దాటలేదు. ఎండ కూడా ముదరడంతో ఉదయం పూట నడి ఏటిలోనూ నీరు వెచ్చగానే ఉంది, చేపకు పర్ర మీదికి ఎక్కవలసిన అవసరం తగ్గింది. మామ తన సీసా గాలం తీసుకుని మొగ దగ్గరికి మారాడు. నేను వచ్చే మార్గశిరం, పుష్యం, మాఘం నెలల తిథులను పంచాంగంలో చూసి, తదియ నుంచి షష్ఠి దాకా పడే తేదీలను పోటు వేళలతో సహా రాసి, ఒక ప్రతి ఆయనకు ఇచ్చాను. వాటిలో తన పాళెం పండుగకు అడ్డొచ్చే రెండు రోజులను ఆయన కొట్టేసి, మిగిలినవి ఉంచమన్నాడు.